వాటా కోడి

నాకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా ఒక కోడిపెట్ట వాటాకు వచ్చింది. మా నాయనమ్మ పెరట్లో అప్పటికే పది పదిహేను కోళ్లు తిరుగుతుండేవి. కానీ అవి నాయనమ్మవి. ఇది నాది. పూర్తిగా నాది కాదు, సగం నాది. ఆ సగం అనే మాటకు అర్థం తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. మధ్యలో ఒక గోదావరి వరద రావాల్సి వచ్చింది.

మాది భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే దారిలో, గోదావరి ఎడమ గట్టున ఉన్న చిన్న పల్లె. ఊరికి ఒక పక్క నది, ఇంకో పక్క అడవి. మా ప్రాంతమంతా 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ ఏడు ఖమ్మం జిల్లాలో కలిసింది. అందుకే మా ఊళ్లో ఒక్క యాస ఉండేది కాదు. నాయనమ్మది రాజమండ్రి వైపు మాట. బడిలో పంతులుగారిది ఖమ్మం మాట. ఊరి చివర కోయగూడెంలో ఇంట్లో కోయభాష, వీధిలోకి వస్తే తెలుగు. కోళ్లను పిలిచేటప్పుడు మాత్రం అందరి నోటా ఒకటే: ‘బో... బో... బో...’

ఆ గూడెంలో ఒక పెద్దమ్మ ఉండేది. ఆమె ఇంటి వెనక పెద్ద ఇప్పచెట్టు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామునే పిల్లలం బుట్టలు పట్టుకుని పోతే, మాకన్నా ముందు ఆమె కోళ్లు అక్కడుండేవి. పువ్వు కోసం కాదు, పువ్వుకు పట్టిన చీమల కోసం. నేను పువ్వు ఏరడం మరిచిపోయి వాటినే చూస్తూ కూర్చునేదాన్ని. అందరి బుట్టలూ నిండినా నా బుట్ట అడుగు కనిపిస్తూనే ఉండేది. రెండు వేసవులు ఇది గమనించి, ఒక పొద్దున పెద్దమ్మ ఎర్రటి పెట్టనొకదాన్ని చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది.

“ఈ పిల్లకు వాటాకిస్తున్నానమ్మా. కాసుద్దేమో చూద్దాం” అంది నాయనమ్మతో.

వాటా అంటే ఇది. పెట్ట ఇచ్చినవాళ్లది. మేత, నీళ్లు, కాపలా తీసుకున్నవాళ్లవి. పిల్లలు పెరిగి, తల్లిని విడిచి సొంతంగా తిరగడం మొదలయ్యాక ఇద్దరూ కూర్చుని చెరి సగం పంచుకోవాలి. గద్ద ఎత్తుకుపోయినా, రోగమొచ్చి పోయినా నష్టం ఇద్దరిదీ. లెక్క బేసి వస్తే మిగిలిన ఒక్కటి కాపు కాసినవాళ్లకు. రాతకోతలు లేవు. ఎన్ని పుట్టాయో, ఎన్ని పోయాయో కాసినవాళ్లు చెప్పిందే లెక్క. చెప్పింది ఎనిమిదేళ్ల పిల్లైనా సరే, అదే లెక్క.

మొదటి వారం నేను దాని మీద పెత్తనం చేయబోయాను. గంపలో గడ్డి పరిచి, దాన్ని తెచ్చి కూర్చోబెట్టి, ఇక్కడ గుడ్డు పెట్టమన్నాను. అది తల పక్కకు తిప్పి, ఒక కంటితో నన్ను నిదానంగా చూసి, దిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు మూడు రోజులు ‘కొట్... కొట్... కొటాక్’ అని కేక వినిపించేది గానీ గుడ్డు కనిపించేది కాదు. కేక వినిపించిన చోటికి పరుగెత్తేదాన్ని. అక్కడేమీ ఉండేది కాదు. గుడ్డు పెట్టిన చోటు వదిలి కొంత దూరం వచ్చాకే పెట్ట అరుస్తుందని నాకప్పుడు తెలియదు.

“వెనకాల పడితే చెప్పదే అమ్మడూ. నువ్వు లేవనుకునేట్టు ఉండు” అంది నాయనమ్మ.

లేననుకునేట్టు ఉండటం చాలా కష్టమైన పని. అరుగు మీద కూర్చుని, చింతపండు గింజ తీస్తూ, తలెత్తకుండా చూడాలి. పెట్ట తిన్నగా వెళ్లదు. ఇటు గీరుతుంది, అటు రెండు గింజలు ఏరుతుంది, బావి చుట్టూ ఒక తిరుగుడు తిరుగుతుంది. నా చూపు చింతపండు మీద ఉందని నమ్మకం కుదిరాక గడ్డివాము వెనక సందులోకి దూరుతుంది. మూడో రోజుకు ఆ చోటు దొరికింది. వెచ్చటి గడ్డిలో నాలుగు గుడ్లు. మూడు తీసి ఒకటి వదలమంది నాయనమ్మ. అన్నీ తీసేస్తే పెట్ట ఆ చోటు మానేసి ఇంకో చోటు వెతుక్కుంటుంది. మన అవసరమంతా ఒక్కసారే తీర్చుకోకూడదన్న సంగతి నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. చేతిలో మూడు గుడ్లు, గడ్డిలో ఒక గుడ్డు ఉండగా తెలిసింది.

కొన్నాళ్లకు పెట్ట గొంతు మారింది. ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికెళ్తే ‘కుర్ర్ర్’ మని పొడవబోయేది. పొదుగుకొచ్చిందని కబురు చేస్తే పెద్దమ్మ వచ్చి, దాచిన గుడ్లను ఒక్కొక్కటే అరచేతిలో తూచి పదకొండు ఎంచింది. పొదుగుకు బేసి లెక్కే పెట్టేవాళ్లు. గంపలో ఊక పోసి, పైన గడ్డి పరిచి, ఒక మూల ఇనుప మేకు, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ పెట్టారు. ఉరుములకు గుడ్లు చెడకుండా కాపాడతాయని వాళ్ల నమ్మకం.

“ఎన్ని రోజులు పెద్దమ్మా?”

“మూడు సంతలు.”

గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. సంత వారానికొకటి. క్యాలెండరు లేని గూడేనికి అంతకన్నా సరైన లెక్క ఏముంటుంది? ఉప్పు, ఎండుచేపలు, గాజులు, తట్టల నిండా కరక్కాయలు, కాళ్లు నారతో కట్టి కావడికి వేలాడదీసిన కోళ్లు. ఆ సంత నాకు అప్పటిదాకా మిఠాయి కొనుక్కునే చోటు మాత్రమే. ఆ వేసవిలో మొదటిసారి అది నాకు కాలమైంది.

మొదటి సంత నాటి రాత్రి నాయనమ్మ మూడు బ్యాటరీల టార్చి వెలిగించి, పిడికిలి మీద గుడ్డు నిలబెట్టి, కింద నుంచి వెలుగు పట్టింది. గుడ్డు లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు. నడుమ ఒక నల్లని చుక్క. ఆ చుక్క కదిలింది. రెండు గుడ్లు మాత్రం దీపపు బుడ్డిలా ఖాళీగా వెలిగాయి. వాటిని తీసేశాం. రెండో సంత నాటికి నాకు ఓపిక పోయింది. పెట్ట రోజుకొక్కసారి దిగి, గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, మళ్లీ ఎక్కి కూర్చునేది. అది దిగిన ఆ కాస్సేపూ గుడ్లు చల్లారిపోతాయేమోనని గంప చుట్టూ తిరిగేదాన్ని. మూడో సంతకు ముందు రాత్రి గంప దగ్గర చెవి పెడితే గుడ్డులోంచి సన్నగా ‘కీ’ మంది. పైనుంచి పెట్ట గొంతు తగ్గించి ‘క్లుక్’ మంది. ఇంకా పుట్టని పిల్ల, దాని తల్లి మాట్లాడుకుంటున్నాయి. ఆ రాత్రి మా ఇంట్లో నిద్రపోనివాళ్లం ముగ్గురం: పెట్ట, గుడ్లలో పిల్లలు, నేను.

తొమ్మిది గుడ్లలో ఎనిమిది పిల్లలయ్యాయి.

పిల్లల్ని దించిన రోజు నుంచి నా పని చెవులతో. పాత కుండలో పేడ, తడిపిన గడ్డి కుక్కి, రాత్రి పుట్ట పక్కన బోర్లిస్తే తెల్లారేసరికి నిండా చెదలు పట్టేవి. ఆ కుండ తెచ్చి దులిపితే పెట్ట తను తినకుండా, ముక్కుతో ఎత్తి దించి, ‘తుక్ తుక్’ అంటూ పిల్లల్ని పిలిచేది. ఆ పిలుపు ఒకటి. ప్రమాదం వచ్చినప్పటి అరుపులు వేరు, అవి రెండు. ‘కొక్... కొక్... కొక్...’ అని ఆగకుండా అరిస్తే కుక్కో, ముంగిసో నేల మీద వస్తున్నట్టు. గొంతు నొక్కినట్టు సన్నగా, పొడుగ్గా ఒక్కసారి అరిస్తే పైన గద్ద ఉన్నట్టు. మొదటి అరుపుకు కోళ్లన్నీ మెడలు నిక్కించి చుట్టూ చూసేవి. రెండో దానికి పిల్లలు దొరికిన ఆకు కిందికి దూరి, రాయిలా బిగుసుకుపోయేవి. పీటర్ మార్లర్, క్రిస్ ఎవాన్స్ వంటి శాస్త్రజ్ఞులు కోడిపుంజుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి, నేల మీది శత్రువుకొక కూత, ఆకాశంలోని శత్రువుకొక కూత ఉన్నాయని, వినే కోడి శత్రువును చూడకపోయినా కూతను బట్టే తగినట్టు నడుచుకుంటుందని నిరూపించారు. వాళ్ల గురించి నేను చదివింది పెద్దయ్యాక. నాకైతే అది ఒక పిల్లను పోగొట్టుకుని వచ్చిన చదువు.

ఒక మధ్యాహ్నం పెరట్లో ఉండగా ఆ సన్నటి కేక వినిపించింది. నేను పైకి చూడకుండా పొదల్లోకి చూశాను. నీడ నా మీదుగా పోయింది. ఏడు మిగిలాయి. ఏడుస్తూ గూడేనికి పోయి పెద్దమ్మకు చెప్పాను.

“గద్ద కూడా పిల్లలకు పెట్టాలి కదే. రేపటి నుంచి పైకి చూడు” అంది.

రెండోది అలా పోలేదు. ఒక సాయంత్రం తిరనాళ్ల సంబరంలో పడి కోళ్లగూటి తలుపుకు రాయి అడ్డం పెట్టడం మరిచిపోయాను. రాత్రి అడవిపిల్లి వచ్చింది. పొద్దున గూటి ముందు కొన్ని ఈకలు. గద్దే ఎత్తుకుపోయిందని చెప్పొచ్చు. పెద్దమ్మ వచ్చి చూడదు, చూసినా తెలియదు. గూడేనికి వెళ్లే దారిలో ఆ అబద్ధాన్ని లోపల రెండు మూడుసార్లు చెప్పుకుని చూసుకున్నాను కూడా. కానీ నేను చెప్పిందే లెక్క అన్నారు కదా. ఆ మాట నా నాలుకకు అడ్డం పడింది. రాయి పెట్టలేదని చెప్పేశాను. పెద్దమ్మ తిట్టలేదు, ఓదార్చలేదు. “అయితే ఆరు” అని తన పనిలో పడింది. నన్ను నమ్మి ఒకరు లెక్క మార్చుకోవడం నా బతుకులో అదే మొదలు.

సాయంత్రం పూట అరుగు మీద కూర్చుంటే ఇంకో సంగతి తెలిసేది. కోళ్లు గూట్లోకి, దూలం మీదికి తోచినట్టు ఎక్కేవి కావు. వాటికొక వరస ఉంది. నాయనమ్మ నల్లపెట్ట అందరినీ పొడుస్తుంది, దాన్నెవరూ పొడవరు. పర్ల రంగుది నల్లదానికి తప్ప ఎవరికీ లొంగదు. చివరన ఒక బక్క పెట్ట అందరి పోట్లూ తింటుంది. నార్వేలో థోర్లీఫ్ షెల్డరప్-ఎబ్బె అనే కుర్రవాడు పదేళ్ల వయసు నుంచే తమ కోళ్లలో ఏది దేన్ని పొడుస్తుందో రాసిపెట్టుకున్నాడు. ఆ రాతల ఆధారంతోనే పెద్దయ్యాక 1921లో పరిశోధన గ్రంథం సమర్పించాడు. జంతువుల గుంపుల్లో ఉండే ఈ ‘పొడిచే వరస’ను లోకానికి చెప్పింది అతనే. ఒక శాస్త్రానికి పునాది వేసిన ఆ చూపు పెరట్లో కూర్చున్న పిల్లవాడిది. ఆ సంగతి చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేదు. జపాన్ శాస్త్రజ్ఞులు 2015లో ఇంకొకటి తేల్చారు: తెల్లవారుజామున ముందు కూసేది గుంపులో పెద్దరికం ఉన్న పుంజే, మిగతావి దాని తర్వాత వరసగా కూస్తాయి. మా నాయనమ్మ కళ్లు తెరవకుండానే “మన డేగ కూసింది, ఇంక కాకి కూస్తది” అనేది. ఎర్రపుంజు డేగ, నల్లపుంజు కాకి, తెల్లది సేతువ. మేం రంగులు నేర్చుకున్నదీ కోళ్ల మీదే.

వరస చూసి నాకు బక్క పెట్ట మీద జాలి వేసేది. నల్లపెట్టను కర్రతో అదిలించేదాన్ని. నాయనమ్మ నా చేతిలోని చేట తీసుకుంది. “ఒకే చోట కుప్ప పోస్తే బలమున్నదే తింటది. చూడు” అని నూకల్ని చేటతో ఎగరేసి పెరడంతా చల్లింది. నల్లపెట్ట ఎన్ని చోట్లకని ఉరుకుతుంది? బక్కది గోడ మూల నిమ్మళంగా కడుపు నింపుకుంది. వరసను ఎవరూ మార్చలేకపోవచ్చు. గింజ చల్లే తీరు మాత్రం మన చేతిలోనే ఉంటుంది.

నా పెట్ట కాళ్లు పసుపు పచ్చన. మా అడవిలో అడవికోళ్లు ఉండేవి. పొద్దున్నే మా పుంజు కూస్తే అడవిలోంచి బదులు వచ్చేది. ఎర్ర అడవికోడి ఉత్తర, తూర్పు భారతానిది. బూడిదరంగు అడవికోడి దక్షిణాదిది. ఆ రెంటి హద్దులూ దగ్గరపడేది గోదావరి పరిసరాల్లోనే. ఇంటికోడికి మూలం ఎర్రదే అయినా, పసుపు చర్మాన్నిచ్చే జన్యువు మాత్రం బూడిదరంగు దాని నుంచి వచ్చిందని 2008లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అంటే లోకంలో ఎక్కడ పసుపుకాళ్ల కోడి కనిపించినా దానిలో మన దక్షిణాది అడవి పాలు కొంత ఉన్నట్టే. చంకలో పెట్టుకుని తిరిగిన పెట్టలో ఇంత అడవి ఉందని నాకప్పుడు తెలియదు. కానీ చీకటి పడుతుండగా చెట్టు కేసి చూసే దాని చూపులో ఏదో ఉందని మాత్రం అనిపించేది.

వానలు వెనకబట్టి, కొత్త పంట చేతికొచ్చే వేళకు ఆరు పిల్లలూ ఎదిగాయి. ఆ ఏటి కొత్తల పండక్కి పెద్దమ్మ ఒక పుంజుపిల్లను అడిగింది. కోయవాళ్ల పండగలు చాలావరకు కోడితో ముడిపడినవే. భూమి పండగకు కోడి, చిక్కుడు పండక్కి కోడి, ముత్యాలమ్మకు కోడి. మేడారంలో సమ్మక్క తల్లి గద్దెకు వస్తుంటే ఎదురుకోళ్లు ఇస్తారు. నేను ఒప్పుకున్నాను గానీ ఆ పిల్లను ఎంచుకున్నప్పుడు నా గొంతు పెగల్లేదు. అది నా అరచేతిలో చెదలు తిన్న పిల్ల.

పూజారి దాని ముందు నాలుగు బియ్యపు గింజలు పోశాడు. అది పొడిచి తింటేనే దేవత ఒప్పుకున్నట్టు. తినేదాకా ఆగాలి. ఎంతసేపైనా ఆగాలి. అందరూ మాట్లాడటం మానేశారు. పొడవకూడదని నేను కళ్లు మూసుకుని కోరుకున్నాను. కళ్లు తెరిచేసరికి అది నా వంకే ఒక కంటితో చూసి, వంగి, గింజ ఏరుకుంది.

ఆ రోజు కూర నాకు సహించలేదు. పెద్దమ్మ ఆకు దొప్పలో ఒక్క ముక్క వేసి నా పక్కన కూర్చుంది. “దాన్ని ఎరిగినదానివి నువ్వే కదా. నువ్వే తినకపోతే ఎట్టా?” అంది. తిన్నాను. తిండి అంటే ఒక ప్రాణం అని, దాన్ని అడిగి, ఆగి, తీసుకోవాలని, తీసుకున్నాక పారేయకూడదని ఆ ముక్క నాకు చెప్పింది. ఈనాటికీ నా కంచంలో మెతుకు మిగలదు.

ఐదు మిగిలాయి. పెద్దమ్మకు రెండు, నాకు రెండు, బేసి ఒకటి కాసినందుకు నాకే. నా మూడింటినీ గుండెకు హత్తుకుని ఇంటికి పరుగెత్తాను. గుడ్లమ్మి పుస్తకాల సంచి కొనుక్కోవాలని నా లెక్క. మా ఊళ్లో కోడి డబ్బు మగవాళ్లు అడిగేవాళ్లు కాదు. అది ఆడవాళ్ల కొంగుముడి. సంతలో ఒక పుంజును అమ్మితే పిల్లల పలకా బలపం, జ్వరానికి మాత్ర, పుట్టింటికి వెళ్లడానికి లాంచీ టికెట్టు. ఎవరి అనుమతీ అక్కర్లేని ఆ నాలుగు రూపాయలు ఇల్లాలికి ఎంత ధైర్యమో నాయనమ్మ ముడి విప్పేటప్పుడు చూస్తే తెలిసేది.

కానీ నాయనమ్మ నా మూడింటిలో ఒక పెట్టను తీసి, సంతకొచ్చిన ఒక కోయ అత్త చేతిలో పెట్టింది. ఆమెది అడవి లోపల గట్టు మీది గూడెం, మా ఊరికి నాలుగైదు మైళ్లు. వాటాకిచ్చింది. నేను సంతంతా వినపడేట్టు ఏడ్చాను. “అన్నీ ఒకే గూట్లో పెట్టకూడదే” అంది నాయనమ్మ. ఆ మాట నాకు అప్పుడు పిసినారి మాటలా వినిపించింది.

ఇప్పుడు ఆ దారిలో వెళ్తే చికెన్ సెంటర్లు కనిపిస్తాయి. ఆరు వారాల్లో రెండు కిలోలు తూగే బ్రాయిలర్ కోడి కాటా మీద ఉంటుంది. అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్డు పెడుతున్నారు. అది చాలా మంచి పని, దాన్ని నేను తక్కువ చేయను. మా రోజుల్లో గుడ్డు తిన్న పిల్లలకన్నా అమ్మిన పిల్లలే ఎక్కువ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి కోళ్లను తయారు చేసింది. నాటుకోడి కన్నా చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ వాటికి పొదిగే గుణం తక్కువ. పిల్లలు కావాలంటే మళ్లీ కొనాల్సిందే. గంప, ఊక, ఇనుప మేకు, మూడు సంతలు అక్కడితో ఆగిపోయాయి.

ఆగిపోవడానికి కారణం ఒక్కటి కాదు. కొక్కెర తెగులు, అదే రాణీఖేత్ రోగం, వచ్చిన ఏడు పెరడంతా ఊడ్చుకుపోయేది. టీకా మారుమూలకు వేళకు అందేది కాదు. పత్తి, మిరప వచ్చాక చేను గట్టున మేసిన కోడి ఇంటికి వస్తుందన్న నమ్మకం పోయింది. సిమెంటు ఇళ్లకు దూలం లేదు, గడ్డివాము లేదు. పిల్లలు చదువుల కోసం హాస్టళ్లకు వెళ్లారు. వెళ్లాల్సిందే, నేనూ అలాగే చదువుకున్నాను. 2014లో భద్రాచలం చుట్టుపక్కల మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పోలవరం ముంపు ఊళ్లవాళ్లు కాలనీలకు తరలుతున్నారు. కోడిని గంపలో పెట్టుకుని కొత్త కాలనీకి తీసుకెళ్లవచ్చు. వాటా ఇచ్చి పుచ్చుకునే ఇళ్లను గంపలో పెట్టుకుని వెళ్లలేం. ఆ ఇళ్లు ఎక్కడెక్కడ ఉండాలో, ఏది నది ఒడ్డున, ఏది గట్టు మీద ఉండాలో ఎన్ని తరాలు కూర్చుకున్నాయో ఎవరికి తెలుసు?

తూర్పు గోదావరి మన్యంలో ఆదివాసీ ఆడవాళ్లతో కలిసి పనిచేసిన ఆంత్ర సంస్థ, తరిగిపోతున్న అసీల్ కోడిని నిలబెట్టడానికి ఈ వాటా పద్ధతినే మళ్లీ ఆసరా చేసుకుంది. ఆ సంగతి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. కోడిని కాపాడాలంటే ముందు కోడి చుట్టూ ఉన్న మాటను కాపాడాలని వాళ్లకు అర్థమైంది.

నాకు అది అర్థమైన రోజు 1986లో వచ్చింది.

ఆ ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు లేచింది. అక్కడ 53 అడుగులు దాటితేనే మూడో ప్రమాద హెచ్చరిక. రాత్రికి రాత్రి పిల్లల్ని, ముసలివాళ్లను, పశువుల్ని తోలుకుని అడవి వైపు మెరకకు పోయాం. కోళ్లను గంపలతో సహా ఇంటి కప్పు మీదికి ఎక్కించాం. నీళ్లు కప్పు దాకా రావని ఊళ్లో పెద్దలంతా అన్నారు. నీళ్లు కప్పు దాటాయి.

తిరిగొచ్చేసరికి పెరడు మోకాలి లోతు ఒండ్రు. గూడు లేదు, గంప లేదు, ఎర్రపెట్ట లేదు. మర్నాడు తెల్లవారింది. ఒక్క కూత లేదు. నా కోడి కూయకపోతే తెల్లారదా అని సామెత చెబుతారు. తెల్లారుతుంది. కానీ తెల్లారిందని ఎవరూ చెప్పని ఆ పొద్దుట మేమంతా ఆలస్యంగా లేచాం. లేచి కూడా ఏం చేయాలో తెలియక అరుగు ఉన్న చోట నిలబడ్డాం. గూడెంలో పెద్దమ్మ ఇంట్లోనూ అంతే. ఊళ్లోనూ, గూడెంలోనూ ఎవరి దగ్గరా ఒక్క కోడి మిగల్లేదు.

రెండు వారాలకు, బురద కాస్త గట్టిపడ్డాక, అడవి దారిలో ఒకామె తల మీద గంపతో రావడం చూశాను. దగ్గరికొచ్చాక గుర్తుపట్టాను. గట్టు మీది గూడెం అత్త. మా ఇంటి ముందు గంప దించి, గట్టిపడిన మట్టి మీద కూర్చుని, నీళ్లడిగి తాగి, లెక్క చెప్పింది.

“మీ పెట్ట ఈ ఏడు తొమ్మిదిటిని లేపింది. మూడు గద్దకు పోయినయ్. ఒకటి భూమి పండక్కిచ్చాం. ఐదున్నయ్.”

గంప మీది గుడ్డ తీసింది. లోపల మూడు ఉన్నాయి.

నాకప్పటికి పదకొండేళ్లు. వాటా లెక్క నాకు నోటికి వచ్చు. “మావి రెండే కదత్తా. బేసి కాసినోళ్లది కదా” అన్నాను.

“నీళ్లొచ్చిన ఏడు బేసి మీదే” అంది.

నాయనమ్మ ఏమీ అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి పోయింది. అన్నీ ఒకే గూట్లో పెట్టకూడదని ఆమె సంతలో ఎందుకందో, నాకు వచ్చిన సగం ఎవరిదో, నేనిచ్చిన సగం ఎక్కడ దాగి ఉందో గంపలోంచి దిగి ఒండ్రు మట్టిని గీరుతున్న ఆ మూడు పసుపుకాళ్ల కోళ్లను చూస్తుంటే తెలిసింది. మూడేళ్ల కిందట నేను ఏడ్చి గోల చేసిన పెట్ట, నది ఎక్కలేని గట్టు మీద కూర్చుని, మా కోసం పొదుగుతూ ఉంది.

సాయంత్రం వాటిలో గుడ్డుకొచ్చినట్టున్న ఎర్రదాన్ని చంకలో పెట్టుకుని గూడేనికి వెళ్లాను. ఇప్పచెట్టు నిలబడే ఉంది. పెద్దమ్మ కూలిన గోడకు మట్టి పెడుతోంది. చేతులు కడుక్కుని వచ్చి పెట్టను అందుకుంది. రెక్క ఎత్తి చూసింది, కాళ్లు చూసింది.

“వాటాకేనా?” అంది.

“వాటాకే” అన్నాను.